ధనమ్మగారి గడువులు

బందరులో మా పేట క్రైస్తవుల్లో ధనమ్మగారంటే గిట్టని మనిషిని ఆ రోజుల్లో నేనొక్కదాన్నే. ఆవిడకి దర్శనాలు కలిగేవి. పెళ్ళి ఎప్పుడవుతుంది, అలిగి వెళ్ళిన మొగుడు ఎప్పుడు తిరిగొస్తాడు, మనసుపడ్డవాడు ఎప్పుడు నోరు విప్పుతాడు, ఈ మూడింటి మీదే ఆ దర్శనాలన్నీ. సముద్రం పక్కన కాపురముండి, తుఫాను ఎప్పుడొస్తుందో మాత్రం ఆవిడకి ఒక్కసారీ కనపడలేదు.

పుట్టింది దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఏదో పల్లె. భర్త ఉపదేశి. అంటే పాస్టరుగారు రాలేని ఊళ్ళకి తిరిగి ప్రార్థన నడిపించే చిన్న ఉద్యోగం. ఆయన పోయాక బందరు వచ్చి, నాలుగిళ్ళలో కుట్టుపని చేసుకుంటూ బతికింది. అప్పటిదాకా ఆవిడని నేనూ తప్పుపట్టను. ఒకనాడు ఉపవాస ప్రార్థనలో కళ్ళు మూసుకుని వణికి, పక్కనున్న పిల్లకి పెళ్ళి కుదురుతుందని చెప్పింది. ఆ పిల్లకి కుదిరింది. కుట్టుమిషను మూలకి చేరింది.

సోది చెప్పే ఎరుకలసాని మా వీధిలోకి వస్తే ధనమ్మగారు తలుపు ధడాలున వేసుకునేది, సాతాను పని అని. ఇద్దరికీ తేడా ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఎరుకలసాని చేటెడు బియ్యం తీసుకుని తన దారిన తను పోతుంది. ఈవిడకి పెట్టకోడి కావాలి, అది గుడ్లు పెట్టేదై ఉండాలి.

ఆవిడ పద్ధతి నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. ఆవిడ ఎప్పుడూ తారీఖు చెప్పదు. పండుగ చెబుతుంది, లేకపోతే పంట చెబుతుంది. క్రిస్మసు వెళ్ళకుండా ఉత్తరం వస్తుందంటుంది. క్రిస్మసుకి ఉత్తరం రాయని క్రైస్తవుడెవడు? ఈస్టరు దాటాక పెళ్ళంటుంది. ఈస్టరుకి ముందు శ్రమదినాల్లో మా గుళ్ళో పెళ్ళిళ్ళు చెయ్యరు. ఆ పండుగ కోసమే అందరూ కాచుకుని కూర్చుంటారు, ఇక ఎండాకాలమంతా పెళ్ళిళ్ళే. దీనికి దర్శనమెందుకు, గోడమీద కాలెండరు చాలదూ?

హిందువుల ఇళ్ళనుంచి కూడా వచ్చేవారు. చల్లపల్లి పక్కనుంచి అనసూయగారని ఒక రైతు భార్య వచ్చింది. ఆవిడ భర్త గుడివాడలో ఇంకో ఇల్లు పెట్టాడు. "కోతలు మొదలయ్యేలోపు నీ ఇంటి గడప తొక్కుతాడమ్మా" అంది ధనమ్మగారు. కోతలప్పుడు చేలో లేకుండా ఉండే రైతుని మీరెక్కడన్నా చూశారా? వచ్చాడు. కోత కోయించాడు, కుప్పలు వేయించాడు, నూర్పించి ధాన్యం మిల్లుకి తోలించాడు, మళ్ళీ గుడివాడ బస్సెక్కాడు. వచ్చినంతవరకు దర్శనం ఖాతా. మళ్ళీ వెళ్ళిపోయింది అనసూయగారి ఖర్మ.

ఎప్పుడైనా బొత్తిగా జరక్కపోతే దానికీ మందుంది. "నీ విశ్వాసం చాల్లా అమ్మాయ్" అనేది. జరిగితే ఆవిడ గొప్ప, జరక్కపోతే మన లోపం. ఇంత సుఖమైన ఉద్యోగం ఈ జిల్లాలో కలెక్టరుకి కూడా ఉండి ఉండదు.

మా కనకరత్నం అక్క ఈ మనిషిని నమ్మింది. మా పెద్దమ్మ రాజమ్మ కూతురు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. బడిలో మూడో క్లాసు టీచరు. బెత్తం పట్టుకోకుండా నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టగల మనిషి. అంత మెత్తటి మనిషిని మా చుట్టాల్లో ఇంకొకర్ని చూడలేదు. అంతకుముందు దూరాన పల్లెబడిలో చేసేటప్పుడు, ధనమ్మగారు "బడులు తెరిచేలోపు బందరు బదిలీ అవుద్ది" అని చెప్పింది. అయింది. బదిలీలు అయ్యేదే అప్పుడని అక్కకి తెలియదా? తెలుసు. తెలిసినా చెయ్యెత్తి మొక్కింది.

యాభై ఎనిమిది క్రిస్మసుకి రాజారత్నంగారు మేనత్త ఇంటికి బందరు వచ్చారు. ముదినేపల్లిలో గ్రామసేవక్. జపాను పద్ధతిలో వరినాట్లు వేయమని సైకిలు మీద రైతుల వెంటపడి తిరిగే ఉద్యోగం. క్రిస్మసు పాటల ప్రాక్టీసులో మా అక్కని చూశారు. గొంతు బాగుండదు గానీ మనిషి మంచివాడు, దాపరికం లేదు. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక గుడి బయట నా ఎదుటే అడిగారు.

"టీచరుగారూ, మావాళ్ళని మీ అమ్మగారి దగ్గరికి పంపించమంటారా? మీకిష్టమైతేనే సుమండీ."

అక్క మొహం ఎలా వెలిగిపోయిందో నాకింకా గుర్తు. "ఆలోచించి చెబుతానండీ" అంది. ఆలోచించేదేమీ లేదు. ఆ రాత్రంతా ఆయన మాటే చెప్పింది నాతో. ఔనని ఒక్క మాట పంపితే చాలు, అయిపోయే పెళ్ళి. అలాంటిది మర్నాడు నేరుగా ధనమ్మగారి ఇంటికి వెళ్ళింది.

ధనమ్మగారు మోకాళ్ళూని, కళ్ళు మూసుకుని, కాసేపు ఊగి చెప్పింది. "ఇంకా కాలం రాలా అమ్మాయ్. ఈస్టరు వెళ్ళేదాకా నువ్వు నోరు విప్పకు. ఎవరికీ చెప్పకు, చెప్తే చెడుద్ది. ఈస్టరు అయిన మరుసటి ఆదివారం గుళ్ళో అతని పేరు ప్రకటనలో చదువుతారు. నా చెవులతో విన్నాను."

మాలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు గుళ్ళో చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. అదే ప్రకటన. అక్క ఇంటికొచ్చి నాకు మాత్రం చెప్పి, ఇంకెవరితోనూ అనొద్దంది.

మార్చిలో రాజారత్నంగారు బడి గేటు దగ్గరికి వచ్చారు. నేనూ ఉన్నాను.

"ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారండీ" అన్నారు. "ఈ ఊళ్ళోనే ఇంకో సంబంధం ఉందంటున్నారు. మీరు ఔనంటే రేపే మా మేనత్తని పంపిస్తాను. కాదంటే కాదనండి, నేనేమీ అనుకోను."

"ఈస్టరు వెళ్ళేదాకా ఏమీ అడక్కండి" అంది అక్క.

"ఈస్టరుకీ దీనికీ ఏం సంబంధమండీ?"

"కారణం చెప్పలేనండీ."

ఏ మగవాడైనా ఆ మాటని ఎలా అర్థం చేసుకుంటాడో ఆయనా అలాగే అర్థం చేసుకున్నారు. మర్యాదగా తలవంచి సైకిలెక్కారు.

"పరిగెత్తి ఔనని చెప్పక్కా" అన్నాను. కదల్లేదు. "పోనీ నేను చెప్తా" అని రెండడుగులు వేశాను. రెక్క పట్టి వెనక్కి లాగింది.

"చెప్పావంటే ఈ జన్మలో నా మొహం చూడకు రూతూ. నీవల్ల చెడిపోతుంది" అంది. ఏడుస్తోంది కూడా. ఇంక నేనేం చెయ్యను?

ఆ సాయంత్రమే ధనమ్మగారి మీదికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని కోళ్ళకి నూకలు చల్లుతోంది.

"ప్రకటనలో అతని పేరు విన్నారు గదా, పక్కన పెళ్ళికూతురి పేరు వినపడలేదా?" అని అడిగాను.

"వినపడలా. మనిషి కనపడింది."

"ఎవరు?"

"మొహం అటు తిప్పుకుంది. తెల్లచీర కట్టుకుంది."

"మనలో పెళ్ళికూతుళ్ళందరూ తెల్లచీరే కడతారండీ ధనమ్మగారూ!"

"నీకు చిన్నప్పట్నించీ విశ్వాసం తక్కువే రూతమ్మా" అని లేచి లోపలికి వెళ్ళింది. నిజమే. ఆవిడ మీద నాకు విశ్వాసం తక్కువే. దేవుడి మీద మాత్రం లోటు లేదు, అందుకే ఆ పేరు అడ్డం పెట్టుకుని కోళ్ళు మేపుకునేవాళ్ళని చూస్తే నాకు కడుపు రగులుతుంది.

ఈస్టరు వచ్చింది. ఆ వారంలో రాజారత్నంగారి తరఫున ఎవరూ మా పెద్దమ్మ ఇంటికి రాలేదు. ప్రకటన చదవాలంటే ముందుగా పెళ్ళికూతురివాళ్ళు పాస్టరుగారికి కాగితం రాసివ్వాలి. మా పెద్దమ్మ ఏ కాగితమూ ఇవ్వలేదు. ఇది పేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు, టీచరుద్యోగం చేసే మా అక్కకి తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా ఆ ఆదివారం తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని గుడికొచ్చింది. చూస్తే నాకు జాలి వెయ్యలేదు. సిగ్గేసింది.

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని ప్రకటన తీశారు. "ముదినేపల్లిలో గ్రామసేవకుడైన రాజారత్నం, బ్రహ్మచారి" అన్నారు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈ సంఘస్థుడు భూషణంగారి కుమార్తె ప్రేమమ్మ, కన్య. వీరి వివాహమునకు ఇది మొదటి ప్రకటన."

అక్క నా చెయ్యి వదల్లేదు. తరవాతి పాటకి అందరూ లేచారు, తనూ లేచింది, పెదవులు కదిపింది. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి.

గుడి మెట్లు దిగుతుంటే ధనమ్మగారు ఎదురొచ్చింది. తప్పించుకుని పోతుందేమో అనుకున్నాను. అంత మాత్రం లజ్జ ఉంటే ఆ వృత్తిలోకి ఎందుకొస్తుంది?

"చూశావా అమ్మాయ్! చెప్పిన ఆదివారమే చదివారా లేదా?" అంది. మొహం నిండా సంతోషం. "ఇంకా రెండు ప్రకటనలు ఉన్నాయి. మూడోది చదివేదాకా ఏదీ ఖాయం కాదు. ప్రార్థన చెయ్యి."

మా అక్క ఆ రెండు ఆదివారాలూ వచ్చింది. అభ్యంతరం ఎవరైనా చెబుతారేమోనని గుమ్మం వంక చూస్తూ కూర్చుంది. ఎవరు చెబుతారు? చెప్పగలిగిన మనిషి తనొక్కతే, ఆ మనిషి నోటికి ధనమ్మగారు తాళం వేసింది. మూడో ప్రకటన అయింది. మే నెలలో పెళ్ళీ అయింది.

జూన్‌లో స్త్రీల కూటంలో ప్రేమమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు చేసిన మేలు పదిమందిలో చెప్పడం మా అలవాటు. "ఈస్టరు అయ్యాక నా పెళ్ళవుద్దని ధనమ్మగారు ముందే చెప్పారండీ. అప్పటికి ఏ సంబంధమూ లేదు. అన్నట్టే జరిగింది" అని కళ్ళు తుడుచుకుంది. అందరూ ఆమెన్ అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఏడు ధనమ్మగారు ఈస్టరు గడువు మా అక్క ఒక్కదానికే కాదు, అడిగిన ప్రతి ఆడపిల్లకీ పెట్టిందని. గుడివాడలో నర్సుగా ఉన్న ఒకమ్మాయికీ అదే చెప్పిందట. ఆ అమ్మాయి కూటాలకి రావడమే మానేసింది. జరిగినవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. జరగనివాళ్ళు లేచి చెప్పుకోడానికి మాకు కూటం లేదు. ధనమ్మగారి పేరు ఊరంతా మారుమోగిందంటే మోగదూ మరి?

"లేచి చెప్పక్కా" అని మోచేత్తో పొడిచాను. అక్క కళ్ళు మూసుకుని అందరితోపాటు తనూ ఆమెన్ అంది.

ఇంటికి నడిచి వస్తుంటే తనే మాట కదిపింది.

"ప్రేమమ్మకి గుండె బలహీనమంట రూతూ."

"ఎవరన్నారు?"

"ధనమ్మగారు చూసిందంట. కోత పండుగ చూడదంట."

కోత పండుగంటే పంట ఇళ్ళకి చేరాక గుళ్ళో జరిపే పండుగ. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. "చూడకపోతే నీకేంటక్కా?" అన్నాను. మొహంలోకి చూశాను. అక్కడ దుఃఖం లేదు. కొత్త సంవత్సరం నాడు గుడి బయట చూసిన వెలుగే ఉంది. నాకు ధనమ్మగారి మీద అసహ్యం అంతకుముందే ఉంది. ఆ రోజు మా అక్క మీద కలిగింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ప్రేమమ్మ ఆ కోత పండుగకి అత్తగారి ఊరినుంచి పెద్ద గుమ్మడికాయ పంపింది, గుళ్ళో వేలం వేస్తే మంచి ధర పలికింది. గడువు మరో పండుగకి జరిగింది. అక్కకి రెండు మంచి సంబంధాలొచ్చాయి, రెండూ కాదంది. కొన్నేళ్ళకి ధనమ్మగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, ఆ తరవాత పోయింది. కొత్త గడువు పెట్టేవాళ్ళు లేకపోయారు. అయినా అక్క ప్రేమమ్మ గుండె మాట వదల్లేదు.

రాజారత్నంగారికి బందరు బదిలీ అయింది. వాళ్ళ పెద్దమ్మాయి మూడో క్లాసుకి వచ్చేసరికి మా అక్క క్లాసులోనే పడింది. అక్క రోజూ హాజరు పిలిచాక ఆ పిల్లని దగ్గరికి పిలిచి, జడ సర్ది, "మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉందే?" అని అడిగేది.

"బాగానే ఉందండీ" అనేది పిల్ల.

ఒక ఆదివారం గుడి దగ్గర ప్రేమమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. నిండుగా, ఆరోగ్యంగా ఉంది. "మీ అక్కగారికి నేనంటే ఎంత ప్రేమో అండీ. నా ఒంటి సంగతి అడగని రోజు లేదంట. సొంతవాళ్ళు కూడా అంత పట్టించుకోరు" అంది.

అవునండీ అన్నాను.