పెన్ను కింద పెట్టే అమ్మాయి

డిగ్రీలో నా పక్కన కూర్చునే అమ్మాయిది ప్రత్తిపాడు. వాళ్ళ నాన్న కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టేవాడు. తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎటు తిరుగుతుందని సార్ అడిగితే, ఆమె పెన్ను కింద పెట్టి, కుడి బొటనవేలు కరెంటు వెళ్ళే వైపు చాచి, మిగతా వేళ్ళు ముడిచేది. నాన్న తీగ చుట్టినంత తేలిగ్గా జవాబు చెప్పేసేది. సూత్రాలన్నీ బట్టీపట్టిన నాకు ఒళ్ళు మండిపోయేది.

పరీక్షలో టైం కలిసొస్తుందని నేను పెన్ను వదల్లేదు. ఖాళీగా ఉన్న ఎడమ చేతి వేళ్ళే ముడిచి చూసుకుని బాణం గుర్తులు వేశాను. బయటికొచ్చి సరిచూసుకుంటే నావన్నీ తిరగబడ్డాయి.

"పెన్ను కింద పెట్టలేదా ఏంటే?" అంది ఆమె, నా ఎడమ చెయ్యి పట్టుకుని. గొంతులో వెక్కిరింపు లేదు. అందుకే ఇంకా మండింది.

ఇప్పుడు గుంటూరులో అదే పాఠం చెబుతున్నాను. పరీక్షల ముందు పిల్లలకు నేను చెప్పే మొదటి మాట, "పెన్ను కింద పెట్టండి."

మొన్న ఒకమ్మాయి అడిగింది, "ఈ చిట్కా మీకెవరు చెప్పారు మేడం?"

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాను. "నాకే తట్టింది."