ప్రార్థన పెట్టెలో పడ్డ రహస్య ఉత్తర్వు

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. చర్చి నిండా జనం ఉండగా, మీరు స్వయంగా రాసిన హత్యా పథకాన్ని పాస్టరుగారు మైకులో చదువుతుంటే మీలో ఎవరైనా విన్నారా? లేదు కదా! నేను విన్నాను. మొన్న ఆదివారం, మా రేపల్లెలో. టీ తర్వాత పొయ్యండి, ముందు ఇది వినండి.

సంగతేంటంటే, నేను తెనాలిలో ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. రోజంతా పుట్టినరోజు బ్యానర్లు. మిగిలిన టైమంతా ఒక ఆట తయారీ. గూఢచారుల ఆట. బల్ల మీద ఫోమ్ బోర్డుతో ఒక ఊరు, కాలవ, వంతెన. అందులో బొటనవేలంత బొమ్మలు, ఒక్కో ఆటగాడికి నాలుగేసి ఏజెంట్లు. టేపుతో కొలిచి కదపాలి. గోడ చాటునుంటే ఎదుటివాడికి కనపడరు. చప్పుడు చేస్తే 'అనుమానం' ఒక పాయింటు పెరుగుతుంది. ఆరు పాయింట్లకి సైరన్, ఆట గోవిందా! మొదట్లో ఒక్కొక్కరికీ ఒక కవరు ఇస్తాం. అందులో రహస్య ఉత్తర్వు. అది ఇంకెవరూ చూడకూడదు. ఆట ప్రాణమంతా ఆ కవర్లోనే. ఏడో రూలంటే నాకు మహా గర్వం: 'కదలకుండా ఉన్న ఏజెంటు మీద అనుమానం పెరగదు.'

ఆడి చూడాలంటే పెద్ద బల్ల కావాలి. మా చర్చి హాల్లో ఉంది. దాని తాళం సంఘ పెద్ద జయరాజు అంకుల్ దగ్గర ఉంటుంది. రిటైర్డ్ హెడ్మాస్టరు.

"చంపుకునే ఆటలు దేవుడి హాల్లో ఏంటమ్మా హెప్సీ?"

"హత్య అన్న మాటే నా రూల్ పుస్తకంలో లేదంకుల్! కావాలంటే వెతుక్కోండి!"

నిజమే, లేదు. 'తొలగింపు' అని ఉంది. కాలేజీ డిబేట్లలో ఇలాంటి సందుల్లోంచే కప్పులన్నీ తెచ్చుకున్నాను.

"మాటేనా?"

"మాటే."

"అయితే ఆదివారం ఆరాధన అయ్యాక తాళం ఇస్తాను. అబద్ధమని తేలిందో, ఇక హాలు సంగతి మర్చిపో."

బాపట్ల నుంచి నా డిబేట్ ఫ్రెండ్స్ వైష్ణవి, రఫియా ఆడ్డానికి వస్తామన్నారు. ఆరు నెలల పని. ఆ తాళం ఒక్కటీ చేతికొస్తే చాలు.

మా అమ్మ స్త్రీల సమాజం సెక్రటరీ. ప్రార్థన మనవులు రాసి పెట్టడానికి ఇంట్లో ఎప్పుడూ తెల్ల కవర్ల కట్ట ఉంటుంది. నా ఉత్తర్వులకి కూడా అవే వాడి, ఫ్రిజ్ మీదే పెట్టాను. ఎందుకు వాడానని అడక్కండి. కవరు కవరే అనుకున్నాను!

ఆదివారం పొద్దున అమ్మ ముందే వెళ్లిపోయింది. వెళ్తూ, "ఫ్రిజ్ మీద కవరుంది, వచ్చేటప్పుడు ప్రార్థన పెట్టెలో వెయ్యి. అత్తయ్య కంటి ఆపరేషన్ గురించి," అంది. నేను ఎప్పట్లాగే లేటు. ఫ్రిజ్ మీదున్న కవర్లన్నీ బ్యాగులో తోసుకుని పరిగెత్తాను. గుమ్మం దగ్గర పెట్టెలో పైకొచ్చిన కవరు వేసేసి, వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ పెట్టెని పాస్టరుగారి పక్కనున్న బల్ల మీదికి తీసుకెళ్లారు. ప్రసంగం మొదలైంది. చేతిరుమాలు కోసం బ్యాగు తెరిస్తే అంటించని కవరొకటి, అందులోంచి అమ్మ అక్షరాలు. 'అత్తయ్య కంటి ఆపరేషన్ క్షేమంగా...'

మరి నేను పెట్టెలో వేసిందేంటి?

మిగిలినవి లెక్కపెట్టాను. మూడో ఆటగాడి ఉత్తర్వు లేదు. ప్రసంగం అవగానే పాస్టరుగారు మనవులన్నీ పైకి చదువుతారు. చదివితే తాళం పోయినట్టే. తాళం ఒక్కటేనా! అమ్మ మొహం ఎలా చూడను?

అప్పుడు నా బుర్రకి తట్టింది: నేను గూఢచారి ఆట రాసినదాన్ని కదా! పెట్టె ఉన్నది ముందున్న బల్ల మీద. గోడ వెంట మూడు స్తంభాలు. స్తంభం చాటుకి స్తంభం, నాలుగు కదలికల్లో పెట్టె చేతికందుతుంది. లేచాను. మొదటి స్తంభం, ఎవరూ చూళ్లేదు. రెండో స్తంభం. మూడో దాని దగ్గరికి చేరేసరికి జయరాజు అంకుల్ తల తిప్పారు. ఏదో ఊరికే నించున్నట్టు గోడకి ఆనుకున్నాను.

అది గోడ కాదు. స్విచ్ బోర్డు.

టప్ మని ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. మే నెల! ప్రసంగం ఆగింది. చర్చి మొత్తం నా వైపు తిరిగింది.

"ఏంటమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"ఫ్యాను... శబ్దం చేస్తుంటే... అండి..."

"ఇప్పుడు అస్సలు చెయ్యట్లేదు లేమ్మా, వెయ్యి."

వేశాను. వెనక్కొచ్చి కూర్చున్నాను. మనవులు మొదలయ్యాయి. ఒకరి మోకాళ్లు. ఒకరి కొడుకు ఉద్యోగం. ప్రతి మనవికీ సంఘమంతా ఒకే గొంతుతో, "ప్రభువా, మా మనవి ఆలకించుము." మూడోది. నాలుగోది. తర్వాతి కవరు గట్టిగా అంటించి ఉంది. పాస్టరుగారు చించి, కళ్లజోడు సర్దుకుని, అర్థం చూసుకోకుండా అదే ప్రార్థన రాగంలో అందుకున్నారు.

"డ్రైవరు మనవాడు కాదు. వంతెన దాటకముందే చప్పుడు లేకుండా తొలగించవలెను..."

"ప్రభువా, మా మనవి ఆలకించుము!" అంది సంఘం.

మూసిన కళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి.

మగవాళ్ల వైపు నుంచి ఒకాయన లేచాడు. పల్లెల నుంచి ముసలాళ్లని చర్చి వ్యానులో తెచ్చే ఏసుపాదం బాబాయ్. మా సంఘానికున్న ఒకే ఒక్క డ్రైవరు.

"అయ్యగారూ, నేనేం చేశానండీ?" ముందు బెంచీ పట్టుకున్నాడు. "వంతెనంటే... మన కాలవ వంతెనేనా అండీ?"

"పోయిన వారం నన్ను ఎక్కించుకోకుండా పోయావు, తిట్టాను. అంతే గానీ ఇది నేను రాయలేదు!" అంది ముందు బెంచీలోంచి మరియమ్మ పిన్ని.

"పోలీసులకి ఫోన్ చెయ్యండి!" ఎవరో అరిచారు.

నేను ఏడో రూలు పట్టుకుని కూర్చున్నాను. కదల్లేదు. కన్నార్పలేదు. చుట్టూ అందరూ లేచి, తిరిగి, ఒకళ్లనొకళ్లు అడుక్కుంటుంటే, బొమ్మలా బిగుసుకుని కూర్చుంది నేనొక్కదాన్నే. అమ్మ మెల్లగా తిరిగి నా వైపు చూసింది. జయరాజు అంకుల్ చూశారు. ఆ తర్వాత అందరూ చూశారు. ఏడో రూలు అక్కడికక్కడే చచ్చిపోయింది.

బాబాయ్ మొహం పాలిపోయి ఉంది. ఇక ఆగలేక లేచాను. నోరు తెరిస్తే అలవాటు కొద్దీ, "గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు..." అని వచ్చింది. అయిదు కప్పులు గెల్చిన నోరు! తర్వాత ఒక్క ముక్క దొరకలేదు. చివరికి, "నేనే రాశానండి. ఆట. బాబాయ్ కాదు, బొమ్మ. తొలగింపంటే చంపడమే. అంకుల్‌కి మాట తిప్పి చెప్పాను," అని ఏడ్చేసి, బ్యాగులోంచి డ్రైవరు బొమ్మ తీసి ఇచ్చాను.

బాబాయ్ దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇది నేనా? ఇంత పొట్ట ఉందా నాకు?"

ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ మాత్రం నవ్వలేదు.

ఆరాధన అయ్యాక జయరాజు అంకుల్ పిలిచారు. తాళం చేతిలో ఉంది, ఇవ్వట్లేదు.

"ఒప్పుకున్నావు కాబట్టి హాలు ఇస్తాను. ఒక షరతు. రహస్యంగా జరిగేది ఏదీ ఇక్కడ కుదరదు. ఆట మొదలయ్యే ముందు ఆ కవర్లన్నీ అయ్యగారు అందరి ముందూ పైకి చదవాలి."

"అంకుల్, అది గూఢచారి ఆట!"

"వాదిస్తున్నావా?"

"లేదండి."

అలాగే ఆడాం, చర్చి కుర్రాళ్లు కూడా కలిసి మొత్తం ఎనిమిదిమందిమి. పాస్టరుగారు ఎనిమిది ఉత్తర్వులూ రాగం తీసి చదివారు. వైష్ణవి, రఫియా బల్ల కిందకి దూరి నవ్వారు. ఎవరు ఎవరిని ఎక్కడ పట్టుకోవాలో అందరికీ తెలిసిపోయింది కాబట్టి బల్ల మీద ఏ ఏజెంటూ గోడ చాటునుంచి బయటికి రాలేదు. బాబాయ్ కుర్చీ లాక్కుని వంతెన పక్కనే కూర్చున్నాడు. తన బొమ్మ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. గంటన్నర ఆడితే ముప్పై రెండు బొమ్మల్లో కదిలినవి రెండు. అందులో ఒకటి ఫ్యాను గాలికి.

వచ్చే ఆదివారం మళ్లీ ఆట. షరతు అదే. మీలో ఎవరికైనా, ఊరందరికీ తెలిసిన రహస్యంతో గూఢచారి పని ఎలా చెయ్యాలో తెలిస్తే, శనివారం లోపు నాకు చెప్పండి. ఫోన్ చెయ్యండి, ఇంటికి రండి, నడిరోడ్డు మీద నిలబెట్టి చెప్పినా వింటాను. మీకు పుణ్యముంటుంది, కవర్లో పెట్టి మాత్రం పంపకండి.