నీలికెరటాన్ని వెనకేసుకొచ్చిన కాసమ్మ

రామయ్యపట్నంలో కాసమ్మ బోటు ముక్కు మీద నీలికెరటం బొమ్మ వేసింది నేనే. అందుకని ఆ గొడవంతా నా చెవి పక్కనే జరిగింది. మాది దగ్గర్లోని బరంపురం. సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సులు వచ్చాక పని పడిపోయి, వేసవిలో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ సముద్రపొడ్డు ఊళ్ళకు పోయి బోట్లకు రంగులు వేస్తుంటాను.

నీలికెరటం ఒక సినిమా హీరో. మామూలప్పుడు రేవులో మూటలు మోస్తాడు. ఆపద వస్తే నీలం ముసుగు కట్టుకుని సముద్రాన్ని రెండు చేతులతో ఆపేస్తాడు. మొదటి భాగం వచ్చినప్పుడు కాసమ్మ బోటులో వల లాగే కలాసీలు పట్టుబట్టి ఆ బొమ్మ వేయించుకున్నారు. ఆ ఏడు వల వేసిన చోటల్లా చేప పడింది. చేపల గుంపు అటువైపు రావడం వల్ల పడిందని నాకు తెలుసు. వాళ్ళు బొమ్మ వల్ల పడిందన్నారు. బొమ్మ వేసినవాడినని నాకు రోజూ టీ ఇప్పించారు. నేనూ కాదనలేదు.

కాసమ్మకు యాభై దగ్గర పడ్డాయి. తల్లి పోయేనాటికి తమ్ముడు జగదీష్ ఇంకా పాకుతున్నాడు. వాణ్ణి చంకన వేసుకునే చేపల తట్ట నెత్తికెత్తుకుంది. భర్త ధనరాజు పెళ్ళైన కొత్తలోనే మంగుళూరు హార్బరుకి పనికి పోయాడు. ఏడాదికోసారి వచ్చి, నాలుగు రోజులు నిద్రపోయి వెళతాడు. ఈమె బరంపురం బజారులో కూర్చుని ఒడియాలో బేరం చేస్తుంది, తెలుగులో తిడుతుంది. అర్థం కాని ఒడియావాళ్ళు నవ్వి, “మావుసీ”, అంటే పిన్నీ, అని పిలిచి మళ్ళీ ఆమె దగ్గరే కొంటారు. అలా కూడబెట్టిన దాంతో ఫైబర్ బోటు కొని, తమ్ముణ్ణి ఇంజను మీద కూర్చోబెట్టింది.

ఆమె సినిమా చూసే పద్ధతి వేరు. పాటలొస్తే కునుకు తీస్తుంది. తెర మీదికి ఎవడొచ్చినా ఒకటే అడుగుతుంది: “ఆడి బతుకుతెరువేటి?” కొండ లోపల కోట కట్టుకున్న విలన్ని చూసి, “అంతమంది మనుసుల్ని ఎట్టుకున్నాడు గదా, ఆళ్ళకి కూడెవులు ఒండుతారు?” అని హాల్లో పైకే అంది. ఆ ప్రశ్నకి ఇప్పటిదాకా నా దగ్గరా జవాబు లేదు.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం సముద్రం మీద గాలి తిరిగింది. కొండలు అనే అతని బోటు ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతోంది. అందులో ఒకడు చొక్కా విప్పి ఊపుతున్నాడు. ఆగిన బోటు కనిపిస్తే దగ్గరికి పోయి తాడు విసరాలి. అది అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి. అటు వస్తున్న జగదీష్ చూశాడు. ఒకసారి దాని చుట్టూ దూరంగా తిరిగాడు. తర్వాత బోటు ముక్కు ఒడ్డువైపు తిప్పేశాడు. అతని బోటులోనే ఉన్న మసేనుకి కొండలు స్వయానా బావమరిది. “దగ్గరికి పట్రా” అని అరిచి అరిచి మసేను గొంతు పోగొట్టుకున్నాడు. మర్నాడు ఇచ్ఛాపురం వైపు బోటొకటి కొండలు బోటుని లాక్కొచ్చింది. అందరూ బతికే ఉన్నారు. రాత్రంతా నీళ్ళు తోడిపోసి అరచేతుల తోలు మాత్రం ఊడిపోయింది.

ఎందుకు తిప్పావని ఊళ్ళో అడగనివాడు లేడు. జగదీష్ నోరు విప్పలేదు. ఇంజను దిగిపోయాడు. మిగిలిన సీజనంతా వేరేవాణ్ణి పెట్టి నడిపించుకుంది కాసమ్మ. కొత్త సీజనుకి తమ్ముడే ఇంజను మీద కూర్చోవాలని ఆమె పట్టు. అతను కూర్చుంటే మేం ఎక్కమని మసేనూ, అతని వెనక మిగిలిన కలాసీలూ పట్టు. సొంత అక్క బోటులోనే మనుషులు ఎక్కకపోతే ఆ తీరంలో ఇంకెవరూ జగదీష్ చేతికి ఇంజను ఇవ్వరు. బావతో మంగుళూరు పోయి ఐసు గడ్డలు మోసుకోవాలి.

ఇక్కడ కాసమ్మ ఒక తెలివైన పని చేశాననుకుంది. నీలికెరటం రెండో భాగం బరంపురంలో పడింది. అందర్నీ ఒక బండిలో ఎక్కించి సినిమాకి తీసుకెళ్ళింది. వాళ్ళందరికీ ఇష్టమైన హీరో కదా, పక్కపక్కన కూర్చుని ఈలలు వేస్తే మనసులు కలుస్తాయని ఆమె లెక్క. ముందు కథేమిటో ఎవర్నైనా కనుక్కోవాలి కదా? కనుక్కోలేదు.

రెండో భాగం చివర్లో తుపాను వస్తుంది. ఊరంతా ఒక గోడ వెనక దాక్కుంటుంది. నీలికెరటం ఆ గోడకి వీపు ఆనించి నిలబడతాడు. అవతల అతని ప్రాణస్నేహితుడి పడవ మునిగిపోతూ ఉంటుంది. పేరు పెట్టి పిలుస్తాడు. హీరో కదలడు. స్నేహితుడు మునిగిపోతాడు. తెల్లారాక హీరో ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా ముసుగు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోతాడు. అంతే, సినిమా అయిపోయింది.

హాల్లో సగం మంది తిట్టారు, సగం మంది చప్పట్లు కొట్టారు. మసేను సీటు మీద నిలబడి, “తాడిసరరా, ఎదవా!” అని తెర మీది మనిషి మీద అరిచాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. అతని వరసలోనే చివర కూర్చున్న జగదీష్ లేచి బయటికి పోయి బండి దగ్గర నిలబడ్డాడు.

ఆ మర్నాటి నుంచి నా పని చూడండి. బొమ్మ చుట్టూ పాత రంగు గీకి, ఇసుక కాగితం కొట్టి, నీలం పూత పూస్తుంటే నా వెలుతురుకి అడ్డంగా నిలబడి వీళ్ళ వాదన. నాలుగడుగుల అవతల జగదీష్ వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. అతనికి వినపడాలనే మసేను గొంతు పెంచుతాడు. అతనికి వినపడుతోందనే కాసమ్మ ఇంకా పెంచుతుంది.

“ఆ పిరికెదవ బొమ్మ మన బోటు మీద ఒద్దు. గీకీ బావూ,” అన్నాడు మసేను.

“గీకితే సెయ్యి ఇరిసేత్తాను,” అంది కాసమ్మ నాతో. “ఆడు పిరికోడేటిరా? గోడెనకాల పిల్లాజెల్లా ఉన్నారు. ఒదిలీసి ఎల్తే ఆళ్ళేటైపోతారు?”

“ఒక్క సెయ్యితో గోడ ఆపి, ఒక సెయ్యితో తాడిసరొచ్చు. మొదటి దాన్లో సముద్రాన్నే ఆపినాడు గదా?”

“అప్పుడు కడుపునిండా తిన్నాడు. ఇందులో మూడ్రోజుల్నుంచి తిండి లేదు ఆడికి. సూళ్ళేదా?”

“తిండి లేదని ఎవులు సెప్పినారు?”

“ఎవులో సెప్పాలేటి? ఎక్కడైనా తిన్నట్టు సూపించినారా?”

ఇలా ఉండేది. సినిమాలో లేని సంగతులు ఆమె నోట్లోంచి ఊడిపడేవి. ఆ స్నేహితుడికి ఈతొచ్చు అంది. మరి ఎందుకు చచ్చిపోయాడంటే, “సచ్చినాడని నువ్వు సూసినావా? శవం సూపించినారా? మూడోదాన్లో వొస్తాడు సూడు,” అంది. ఆమెతో బజారులో చేపలమ్మే చిట్టమ్మ కూడా అవతలి పక్షానికి పోయింది.

“పోనీ అదంతా ఒదిలీ కాసమ్మా. ఆ సచ్చినోడికి ఒక తల్లుంది గదా. ఆ ముసిల్దాని కాడికెల్లి, ఇదిగో ఇందుకు రాలేకపోనాను అని ఒక్క ముక్క సెప్పొచ్చు గదా. నోట్లో ఏటుంది, మన్నా?”

“సెప్తే ఆ ముసిల్ది ఊరుకుంటాదేటి?”

“ఊరుకోదు. తిడతాది. తిట్టించుకోవాల.”

నాకు చిరాకేసి, “బొమ్మ గీకమంటారా, ఉంచమంటారా? ఏదో ఒకటి చెప్పండి. డబ్బాలో రంగు తోడుకుపోతోంది,” అన్నాను. నా మాట ఎవరు వింటారు?

మర్నాడు కాసమ్మ బజారు నుంచి ఊరికి రాలేదు. ఖాళీ తట్ట పట్టుకుని తిన్నగా సినిమాకి పోయింది. తట్ట సీటు కింద పెట్టేసరికి చుట్టూ రెండు వరసలు ఖాళీ అయ్యాయట. “సుకంగా కాళ్ళు సాపుకుని సూసినాను,” అని చెప్పింది. వచ్చీ రాగానే సాక్ష్యం దొరికిన వకీలులా నా దగ్గరికి వచ్చింది.

“గోడకి పగులుంది, పెయింటరు బావూ! మొదటిసారి సూళ్ళేదు. ఇంత పగులు. ఆడు వీపు తీస్తే పడిపోద్ది. మసేనుకి సెప్పు.”

“నేనెందుకు చెప్తాను?” అన్నాను. “నీ తమ్ముడు అక్కడే ఉన్నాడు. ఆ రోజు ఏం జరిగిందో అతన్ని అడిగి, అది మసేనుకి చెప్పొచ్చు కదా?”

“ఆణ్ణి అడగలేను బావూ,” అంది. తట్ట ఇసుకలో బోర్లించి, “అడిగితే ఏటి సెప్తాడో,” అంది.

అప్పుడర్థమైంది. ఆమెకీ తెలియదు. తమ్ముడు భయపడే తిప్పాడేమోనని ఆమెకూ లోపల ఉంది. ఆ ముసుగువాడికైతే ఎన్ని కారణాలైనా కట్టొచ్చు. వాడు వచ్చి కాదనడు.

బొమ్మ సంగతి ఎవరూ తేల్చకపోతే నేనే దానికి కొత్త నీలం పూసి ఉంచేశాను. నిషేధం ముగిసిన పొద్దున్నే ఒడ్డున గంగమ్మకి పూజ చేశారు. కాసమ్మ బోటుకి ఒక పద్ధతుంది. బోటు ముక్కు మీద కొట్టిన కొబ్బరికాయ ముక్కలు ఇంజను మీద కూర్చునేవాడు పంచుతాడు. ముక్క నోట్లో వేసుకున్నవాడు ఆ సీజనంతా ఆ బోటు మనిషి. మధ్యలో ఇంకో బోటుకి పోకూడదు. ఆ పళ్ళెం కాసమ్మ జగదీష్ చేతిలో పెట్టింది.

అతను పళ్ళెం చాపాడు. కలాసీలు మసేను మొహం చూశారు. మసేను సముద్రం వైపు చూశాడు. పళ్ళెంలో ముక్కలు అలాగే ఉన్నాయి. పక్క బోట్లవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

కాసమ్మ ఆగలేకపోయింది. “ఒరే మసేనూ, ఆ గోడకి పగులుందిరా. నానే రెండోసారెల్లి...”

“అప్పా, ఆపెయ్!” అన్నాడు జగదీష్.

అక్క మీద అతను గొంతెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు.

“ఆ ముసుగోడి గోడ ఆడిది. ఆడి తరపున నువ్వు మాటాడినపుడల్లా నాకు తలొంగిపోతంది. ఆరోజు మన బోట్లో తాడు సిన్నది. దగ్గరికెల్లి ఇసరాల. ఆ కెరటాల్లో దగ్గరికెల్తే రెండు బోట్లూ గుద్దుకుంటాయి అనిపించింది. ఇటు ఇంతమందున్నారు. తిప్పీసినాను. మళ్ళీ అలాగే అయితే మళ్ళీ తిప్పేస్తాను. ఇష్టమైనోడు ముక్క తీసుకోండి. లేనోడు ఇంకో బోటు సూసుకోండి. సినిమా మాటెత్తకండి.”

“తాడు సిన్నదనా తిప్పినావు?” అన్నాడు మసేను. “ఈ ముక్క ఇన్నాళ్ళూ నోట్లోంచి రాలేదేటిరా?”

“నువ్వడిగినావేటి? అరిసినావు.”

“మా బావమరిది కొట్టుకుపోతంటే అరవకేటి సేస్తాను, పాట పాడతానా?”

“అరిసేవోడికి ఏటి సెప్తాం?”

మసేనే మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు తగ్గింది.

“పెద్ద తాడుంటే ఎల్లేవోడివా?”

జగదీష్ ఆలోచించాడు. ఒప్పుకోవడానికి ఆలోచించినట్టు లేదు. పని కుదురుతుందా లేదా అని ఆలోచిస్తున్నాడు.

“దగ్గరికి ఎల్లను. గాలొచ్చే వైపున దూరంగా ఆగి, తాడు కొసకి ఖాళీ డబ్బా కట్టి ఒదలాల. డబ్బా ఆళ్ళకాడికి కొట్టుకెల్తాది. అంత తాడుంటే ఎల్తును.”

“అంత తాడు బోట్లో ఎడితే వలెక్కడ ఎడతార్రా?” అంది కాసమ్మ. “సేపలు నెత్తినెట్టుకొస్తారేటి?”

“నువ్వూరుకో,” అన్నారు ఇద్దరూ.

మసేను వెనక్కి తిరిగి ఇళ్ళవైపు నడిచాడు. పళ్ళెంలో ముక్క తీసుకోలేదు. పోయాడు, ఇక రాడు అనుకున్నాం. మిగిలిన కలాసీలు కాళ్ళతో ఇసుక గెలుకుతూ నిలబడ్డారు. కాసమ్మ బోటుకి వీపు ఆనించి, ముక్కు చీదుకుని, “పోనీ ఎదవ,” అంది. కానీ అతను పోయిన దారివైపే చూస్తోంది.

కొంతసేపటికి మసేను భుజం మీద పెద్ద తాడు చుట్టతో వస్తూ కనిపించాడు. దాని బరువుకి పక్కకి ఒంగి నడుస్తున్నాడు.

“ఎక్కడిదిరా?” అంది కాసమ్మ.

“కొండలు లంగరు తాడు. అడిగితే ఇచ్చినాడు.” జగదీష్ వైపు చూడకుండానే చెప్పాడు. “నీతో మాటాడ్డట. తాడు మట్టుకు తీసుకెల్లమన్నాడు. పాడుసేస్తే ఊరుకోనన్నాడు.”

“పాడవదని సెప్పు,” అన్నాడు జగదీష్.

“నువ్వే ఎల్లి సెప్పు, సాయంత్రం ఒచ్చినాక. నాను నీకూ ఆడికీ మద్దిన టపా మోసీవోణ్ణేటి?”

“ఎల్తాను.”

మసేను తాడు చుట్టను బోటు ముక్కు మీద దబ్బుమని పడేశాడు. కిందటి సాయంత్రమే పూసిన నా నీలం మీద, ముసుగు కళ్ళకి అడ్డంగా, పెద్ద గీత పడింది. “ఆరలేదయ్యా అది!” అని అరిచాను. అతను అప్పటికే కొబ్బరిముక్క నోట్లో వేసుకుని నములుతూ, తాడు కొస ఎక్కడ కట్టాలని జగదీష్‌తో వాదిస్తున్నాడు. మిగిలినవాళ్ళూ తలో ముక్క తీసుకున్నారు.

కాసమ్మ నా పక్కకి వచ్చి నిలబడింది. “ఇన్నాల్లు గొంతు సించుకున్నాను బావూ. తాడు సిన్నదని ముందే అనుంటే బజారు పనైనా సూసుకుందును గదా, ఈ సన్నాసి.” తర్వాత బోటువైపు తిరిగి, “ఇంజను కాడ కాదురా కట్టడం, ముందు! ముందు కట్టండి!” అని కేకేసింది.

ఎవరూ ఆమె మాట వినలేదు. అందరూ కలిసి బోటుని నీళ్ళలోకి నెట్టారు. జగదీష్ ఇంజను దగ్గర కూర్చుని, కెరటాల మధ్య సందు కోసం చూస్తూ, చెయ్యెత్తి ఆగమన్నాడు. వల మీద తాడు, తాడు చుట్టూ డబ్బాలు. బోటులో కాలు పెట్టే చోటు లేదు. మసేను తిట్టుకుంటూ ఆ తాడు చుట్ట మీదే చతికిలబడ్డాడు.