నాలుగు కోర్లలో ఒక్కటే పనిచేసిన రెండు నెలలు

2023 జూన్. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, ఒక కాంప్లెక్స్ మొదటి అంతస్తులో నా లాప్‌టాప్ రిపేర్ షాపు. అప్పటికి ఈ పనిలో పద్నాలుగేళ్లు. ఒక మధ్యాహ్నం సుజాత గారు వచ్చి లాప్‌టాప్ బ్యాగు నా టేబుల్ మీద పెట్టారు. సొంతూరు తెనాలి వైపు, ఉండేది కొత్తపేటలో. కట్టబోయే ఇల్లు లోపల ఎలా ఉంటుందో ముందే కంప్యూటర్‌లో బొమ్మగా చేసివ్వడం ఆమె పని. ఎల్బీనగర్‌లోని ఒక ఇంటీరియర్ ఆఫీసుకి ఇంటి నుంచే చేసేవారు. ఏప్రిల్‌లో ఆ లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంటే ఫ్యాన్ మార్చింది నేనే.

“మళ్ల ఏమైంది మేడం?”

“ఏం కాలేదండీ. అమ్మేద్దామని. మీరు తీసుకుంటారా?”

ఎందుకని అడిగాను. బాబు పుట్టాక తొమ్మిదేళ్లు ఉద్యోగం మానేశారట. మళ్లీ మొదలుపెట్టి ఏడాది.

“రెండు నెలలుగా ఒక్క పనీ టైముకి ఇవ్వలేకపోతున్నానండీ. కొత్తగా చేరిన పిల్లలు గంటలో చేసేది మీకు పూట పడుతోందమ్మా అన్నారు నిన్న మా సారు. ఆయన్నేమీ అనడానికి లేదు. ఇన్నేళ్లు వదిలేసినదాన్ని, ఇక నా వల్ల కాదులెండి.”

పాత మిషన్ కొనేముందు లోపల ఏముందో చూసుకుంటాం. టాస్క్ మేనేజర్ తెరిచాను. కంప్యూటర్‌లో ఏ పని ఎంత నడుస్తోందో చూపించే తెర అది. కోర్లు అన్నచోట 1 అని ఉంది. ఆ మోడల్‌కి నాలుగుండాలి. కోర్ అంటే ప్రాసెసర్‌లో పనిచేసే ఒక్కో చేయి అనుకోండి. ఆమె చేసే బొమ్మలకు నాలుగు చేతులూ కావాలి.

చిప్పు పోయిందేమో అనుకున్నాను. ఆఫ్ చేసి బయోస్‌లోకి వెళ్లాను. విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగులవి. అక్కడ నాలుగూ ఉన్నాయి. అంటే చిప్పు బాగానే ఉంది, విండోసే మూడింటిని వదిలేస్తోంది. మళ్లీ విండోస్‌లోకి వచ్చి, అది ఎలా మొదలవాలో చెప్పే బూట్ సెట్టింగులు తెరిచి చూశాను. ‘నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్’ పక్కన టిక్కు, దాని కింద 1.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ టిక్కు పెట్టింది నేనే. ఏప్రిల్‌లో, వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకుందామని ఒక్క కోర్ మీద నడిపి చూశాను. ఫ్యాన్ తిరగట్లేదని తేలింది. అది మార్చాను గానీ టిక్కు తీయడం మర్చిపోయాను.

ఆమె నా మొహమే చూస్తున్నారు. “అప్‌డేట్ ప్రాబ్లం మేడం, సెట్ చేసిన” అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎవరినీ ఏమీ అనని మనిషి ఎదుట అది అనలేకపోయాను.

“ఇది నా తప్పు మేడం. ఫ్యాన్ మార్చినప్పుడు టెస్టింగ్ కోసం మూడు కోర్లు బంద్ చేసిన. మళ్ల ఆన్ చేసుడు మర్చిపోయిన. గీ రెండు నెలలు మీరు పావు మిషన్ మీద పని చేసిన్రు.”

టిక్కు తీసి రీస్టార్ట్ చేశాను. ఈసారి నాలుగు చూపించింది. ఆమె ఒక పాత ఫైలు తెరిచి రెండర్ నొక్కారు. గీసినదాన్ని ఫొటోలా మార్చే పని అది. పదకొండు నిమిషాల్లో హాలు, సోఫా, కర్టెన్ల మీద ఎండ, అన్నీ వచ్చేశాయి. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

“కోపం రావట్లేదనుకోకండి,” అన్నారు. “వస్తోంది. మా వాడి ఎండాకాలం సెలవుల్లో ఊరికి కూడా వెళ్లకుండా దీని ముందే కూర్చున్నాను.”

“తిట్టండి మేడం.”

“తిడితే ఏమొస్తుంది? ఇదే మాట మా సారుకి చెప్తారా? నేను చెబితే సాకు అనుకుంటారు.”

షట్టర్ దించి ఆమెతో ఎల్బీనగర్ వెళ్లాను. నలుగురూ వింటుండగా వాళ్ల సారుకి జరిగింది చెప్పాను.

“లాప్‌టాప్ స్లోగా ఉందని చెప్పాల్సింది కదమ్మా,” అన్నాడాయన.

“నేనే స్లో అనుకున్నాను సార్,” అన్నారామె.

ఈ రెండు నెలల ఆలస్యాల వల్ల ఆమె చేతిలోంచి పోయిన ఒక విల్లా పని తిరిగి రాలేదు. ఆఫీసువాళ్లు ఒక చిన్న ఫ్లాట్‌లో వంటగది డిజైన్ ఇచ్చారు. మూడు రోజుల గడువైతే రెండో రోజే పంపేశానని ఆమె నాకు మెసేజ్ పెట్టారు. ఇప్పటికీ అక్కడే చేస్తున్నారు.

అప్పట్నుంచీ రిపేరైన లాప్‌టాప్‌ని ఊరికే ఆన్ చేసి చూపించి ఇచ్చెయ్యను. కస్టమర్‌ని కూర్చోబెట్టి, వాళ్లు రోజూ చేసే పని నా ముందే ఒకసారి చేయిస్తాను. ఎవరైనా “నాకు కంప్యూటర్ సరిగ్గా రాదండీ” అంటే, “జర ఆగండి, ముందు మిషన్ చూద్దాం” అంటాను. చాలామందికి బాగానే వచ్చు.