పెన్న ఇసుకలో వెతికిన ముక్కుపుల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాటలు తక్కువ. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన హిందూపురం బెల్లం మండీలో పని చేసేవాడు. పొద్దున్నే వెళ్తే దీపాలు పెట్టాకే తిరిగి వచ్చేవాడు. వచ్చి నాలుగు ముద్దలు తిని, గోడకు చేరగిలబడి అలాగే నిద్రపోయేవాడు. అవ్వకు చెవులు వినపడేవి కావు. ఏదైనా చెప్పాలంటే దగ్గరికి వెళ్లి, చెయ్యి తట్టి, పెదాల కదలిక కనపడేలా చెప్పాలి. అంత కష్టపడి చెప్పదగ్గ సంగతులు ఒక చిన్నపిల్లకు ఎన్ని ఉంటాయి? మెల్లగా చెప్పడం మానేశాను.

పక్కింట్లో ఒక గది అద్దెకు తీసుకొని ఒక నర్సు ఉండేది. మడకశిర పక్క పల్లె ఆమెది. పెళ్లి కాలేదు, మా ఊళ్లో తనవాళ్లంటూ ఎవరూ లేరు. వీధిలో అందరూ నర్సమ్మ అంటే నేను మాత్రం అక్కా అని పిలిచేదాన్ని. సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి గడప మీద కూర్చొని, జడ విప్పుకుంటూ నన్ను పిలిచేది. "ఏం పాపా, ఈ పొద్దు ఏం జరిగిందో చెప్పు" అని అడిగేది. రోజు మొత్తంలో నన్ను ఎవరైనా అడిగే ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు చెప్పాలనే బడిలో అన్నీ గమనిస్తూ కూర్చునేదాన్ని.

మా వీధి చివర గట్టు దిగితే పెన్న. పేరుకే నది, ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఇసుకే. ఒక మడుగులో మాత్రం ఎండాకాలం దాకా కాసిన్ని నీళ్లు నిలిచేవి. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్లు బట్టలు ఉతికేవారట, పిల్లలు ఈదేవారట. నేను చూసేనాటికి హోటళ్ల ఎంగిలాకులు, పగిలిన సోడాబుడ్లు, చినిగిన గోతాలు, కోళ్ల ఈకలు అన్నీ అక్కడే చేరేవి. గాజుపెంకులు గుచ్చుకున్న పిల్లల పాదాలకు ఆసుపత్రిలో కట్టు కట్టేది అక్కే. కట్టి కట్టి విసిగిపోయి, సెలవు దొరికిన ఆదివారమల్లా ఒక గంప తీసుకొని ఏట్లోకి దిగడం మొదలుపెట్టింది.

ఒక్కదాని చేతుల్లో అయ్యే పని కాదది. అందుకని ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. "మన ఏరే గదా, ఒక్క పూట రాండి, బాగు చేసుకుందాం" అని బతిమాలింది. మున్సిపాలిటీవాళ్లు చూసుకుంటారని కొందరు, పని ఉందని కొందరు తప్పించుకున్నారు. "నాకు నిద్రపోయేదానికి ఆదివారం ఒక్కటే గదమ్మా" అన్నాడు మా నాయన. అవ్వ నన్ను ఏట్లోకి దిగనిచ్చేది కాదు. ఎండలో అక్క ఒక్కతే వంగి ఏరుతుంటే నేను గట్టు మీద నిలబడి చూస్తూ ఉండేదాన్ని.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున అక్క వీధిలోకి పరుగెత్తుకుంటూ వచ్చింది. కొంగు తడిసి ఉంది, ముక్కు బోసిగా ఉంది.

"నా ముక్కుపుల్ల పోయింది. మా అమ్మది. మడుగు కాడ యాడనో జారిపాయ" అని టీ అంగడి దగ్గర కూలబడింది.

వీధి వీధంతా కదిలింది. టీ అంగడి పెద్దాయన పొయ్యి ఆర్పేసి, "ఏడవాకమ్మా, పా, ఎతుకుదాం" అన్నాడు. చేటలు, జల్లెడలు, పారలు పట్టుకొని అందరూ ఏట్లోకి దిగారు. మా నాయన కూడా నిద్ర లేచి వచ్చాడు. ఆ రోజు నన్ను ఎవరూ ఆపలేదు.

"పైన ఉండే చెత్త తీస్తేగాని కింద ఏముండాదో కనపడదప్పా" అంది అక్క. నిజమే మరి. అందరూ చెత్తను గంపలకెత్తి గట్టు మీదికి మోశారు. గాజుపెంకులు ఒక్కొక్కటే ఏరారు. ఇసుక జల్లెడ పట్టారు. మధ్యాహ్నానికి ఎవరో బొరుగులతో ఉగ్గాని చేసి తెచ్చారు. పొద్దు వాలేసరికి మడుగు చుట్టూ ఇసుక తెల్లగా బయటపడింది, తవ్వినచోట ఊట నీళ్లు ఊరాయి. పిల్లలు దూకేశారు. నాయన ఇంటికి వెళ్లి అవ్వను నడిపించుకొచ్చి, ఆమె పాదాలు నీళ్లలో పెట్టించాడు. చెవిటివాళ్లకు గొంతు పెద్దది కదా, "పెండ్లైన కొత్తలో ఈడనే బట్టలుతుకుతా ఉంటి" అని అవ్వ అందరికీ వినపడేలా చెప్పుకుపోయింది. ఆమె అంతసేపు మాట్లాడగా వినడం నాకు అదే మొదలు.

చీకటి పడబోతుండగా అక్కను ఓదార్చి అందరూ వెళ్లిపోయారు. నాయన అవ్వను తీసుకొని ముందు నడిచాడు. నేను కదల్లేదు. ముక్కుపుల్ల దొరకకపోతే అక్క బెంగపడి వాళ్ల పల్లెకు వెళ్లిపోతుందని నా భయం. వెళ్లిపోతే ఇక సాయంత్రాలు ఎవరు పిలుస్తారు? మసక వెలుతురులో ఏడుస్తూ, చేతులతోనే ఇసుక కెలుకుతూ ఉన్నాను. అక్క రమ్మన్నా వినలేదు. చివరికి దగ్గరికి వచ్చి నా చేతులు పట్టుకుంది. వేళ్ల చివర్లు గీరుకుపోయి నెత్తురు కారుతోంది. అది చూసి ఇసుకలోనే కూర్చుండిపోయింది.

"పోలేదు పాపా. యాడికీ పోలేదు. ఇంట్లో పెట్టెలో ఉండాది."

నాకు అర్థం కాలేదు.

"ఏరు పాడైపోతాండాదని ఇన్నాళ్లు చెప్తి. ఒక్కరూ రాల్యా. నా ముక్కుపుల్ల పోయిందంటే అందరూ వచ్చిరి. ఇంకేం చేసేది చెప్పు?"

చేతులు లాక్కొని ఇంటికి పరుగెత్తాను. ఆ వారమంతా అక్క గడప వైపు వెళ్లలేదు. పిలిస్తే, అవ్వలాగే నాకూ వినపడనట్టు కూర్చున్నాను. వీధివాళ్లను మోసం చేసినందుకు కాదు నా కోపం. నా ఏడుపు నిజమైనప్పుడు ఆమె ఏడుపు అబద్ధమైనందుకు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి నాకు ఉన్నదల్లా ఆమే.

మళ్లీ ఆదివారం వచ్చింది. అక్క టీ అంగడి ముందు నిలబడింది. ముక్కుకు ముక్కుపుల్ల ఉంది. అందరి ఎదుటా ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "అబద్ధం చెప్పి మిమ్మల్ని పిలిస్తి, తప్పే. ఒక చిన్నబిడ్డ చేతులు కోసుకుపాయ నా మూలంగా. ఈ పొద్దు నిజం చెప్పి పిలుస్తాండా. రాండి."

"మమ్మల్ని ఎర్రోళ్లను చేస్తివి గదమ్మా" అన్నాడు టీ అంగడి పెద్దాయన. మిగతావాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. ఒక్కరూ కదల్లేదు. అక్క గంప ఎత్తుకొని గట్టు దిగింది.

అబద్ధాన్ని అలాగే దాచుకుంటే ఆమెకు పోయేదేమీ లేదు. నేను చెప్పేదాన్నీ కాదు. అయినా చెప్పి, వీధి మొత్తాన్ని పోగొట్టుకుంది. మా గడప మీద కూర్చొని ఇదంతా చూసిన నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. అవ్వ చేట తీసుకొని నేనూ ఏట్లోకి దిగాను.

"ఈ పొద్దు ఏమీ పోల్యా పాపా" అంది నన్ను చూసి.

"తెలుసు."

"మరి యాలొస్తాండావు?"

"నువ్వు ఒక్కదానివే ఉండావు గదా."

ఆమె ముఖం అటు తిప్పుకొని వంగి పెంకులు ఏరసాగింది. గంప సగం నిండాక, తల ఎత్తకుండానే, "ఈ వారమంతా ఏం జరిగిందో చెప్పు" అంది. వారం రోజుల కబుర్లు పోగుపడి ఉన్నాయి నా దగ్గర. చెబుతూ పోయాను.

ఆ తర్వాత చాలా ఆదివారాలు మేమిద్దరమే. టీ అంగడి పెద్దాయన కోపం తగ్గి అప్పుడప్పుడూ వచ్చేవాడు. నాయన ఎప్పుడైనా ఒక పూట వచ్చేవాడు. కొన్నాళ్లకు అక్కకు ధర్మవరం బదిలీ అయింది. రైలెక్కించి వచ్చిన మరుసటి ఆదివారం నేను ఒక్కదాన్నే దిగాను. చుట్టూ అంత ఇసుక ఉందని అప్పటిదాకా నాకు తెలియలేదు. తర్వాత కొన్ని ఉత్తరాలు వచ్చాయి, ఆగిపోయాయి. ఆమె ఎక్కడ ఉందో, అసలు ఉందో లేదో తెలియదు.

ఇప్పుడు నాకు అప్పటి మా అవ్వ వయసు. పెన్నలో సోడాబుడ్ల కాలం పోయి ప్లాస్టిక్ కవర్ల కాలం వచ్చింది. మా కాలనీ పిల్లలు ఏరు బాగు చేయడానికి ఫోన్లలో గ్రూపు పెట్టుకున్నారు. శనివారం రాత్రి అందరూ వస్తామనే మెసేజ్ పెడతారు, తెల్లవారితే కనపడేది ఒకరిద్దరే. రానివాళ్లకు ఆశ చూపించి, భయం చెప్పి రప్పించాలని ఆ పిల్లలు నాతో వాదిస్తారు. నాకు చేతకాదు. ఎవరినైనా ఏటికి పిలవాలంటే నేను అనే మాట ఒక్కటే. "ఒక్కదాన్నే పోతాండా, తోడు వస్తావా?" కొందరు వస్తారు. చాలామంది రారు. ఎవరూ రాని ఆదివారం మనసులో దిగులు ఉంటుంది, లేదనను. ఆ దిగులును గట్టు మీద వదిలి రావడం నాకు ఎప్పుడూ తెలియలేదు. దాన్ని వెంటబెట్టుకొనే ఇసుకలోకి దిగుతాను, దాంతోనే వంగుతాను. చెయ్యి మాత్రం ఆగదు.