చూపుడువేలితో కడిగే డాక్టరమ్మ

నాయుడుపేటలో నాకు రూట్ కెనాల్ చేసిన డాక్టరమ్మ సిరంజిని ఎన్నడూ బొటనవేలితో నొక్కేది కాదు. నిద్రపోతున్న పసిబిడ్డ బుగ్గను తాకినట్టు చూపుడువేలితో మెల్లగా నొక్కుతూ, పంటి వేరు లోపల మందునీళ్లతో కడిగేది. "మంట పుడితే చెయ్యెత్తండన్నా" అని ప్రతిసారీ చెప్పేది.

ఆ పన్ను సొరచేపతో కుస్తీ పట్టినప్పుడు పుచ్చిందని నేను చెబితే నర్సు పడీపడీ నవ్వింది. డాక్టరమ్మ మాత్రం సిరంజి చేతిలో ఉన్నంతసేపూ నవ్వలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు సూది పూడుకుపోయి నీళ్లు దిగలేదు. "బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కండి మేడం, బయట జనం కాచుకోనుండారు" అంది నర్సు. డాక్టరమ్మ సూదిని నా నోట్లోంచి లాగేసింది.

"ఒకసారి అట్టనే నొక్కినానన్నా" అంది నాతో. "పెళ్లి దగ్గరపడిన పిల్ల. మందు వేరు దాటి కండలోకి పోయింది. చూస్తుండగానే చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. ఆ పిల్ల చెయ్యెత్తతానే ఉండింది, నేనే చూసుకోలేదు."

"తగ్గిందా?"

"చెంప తగ్గింది. బజార్లో నన్ను చూస్తే ఇప్పటికీ చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంటాది."

కొత్త సూది బిగించి, "మంట పుడితే..." అని ఆగిపోయింది. మామూలుగా అయితే మంట లేకపోయినా చేతులెత్తి గోల చేసే రకాన్ని నేను. ఆమె కళ్లు మాటిమాటికీ నా చేతుల మీదికే వస్తున్నాయి. ఇంతలో ఒక ఈగ వచ్చి నా ముక్కు మీద తీరిగ్గా కూర్చుంది. ఆమె కడగడం అయ్యేదాకా దాన్ని కూర్చోనిచ్చాను.