కత్తికి పెట్టిన బొట్టు

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా పక్కింటి ముసలాయన దగ్గర ఒక జపాన్ కత్తి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఒక జపాన్ ఆఫీసరు నడుము నుంచి తానే తీసుకున్నాడట. ఇన్నేళ్లకి ఆ ఆఫీసరు కొడుకు జాడ తెలిసింది. మచ్చ లేకుండా అతనికి అప్పగించాకే తను పోవాలని ఈయన పట్టుదల.

ఇంటికి రంగులేయిస్తూ, కత్తిని మూడు రోజులు మా ఇంట్లో ఉంచమన్నాడు. ఒరలోంచి తీయడం కూడా నేర్పాడు. పదును పైకి ఉండాలి. ఎడమ బొటనవేలితో పిడి దగ్గర నెట్టి, వదులయ్యాక నిదానంగా లాగాలి. ఇనుమును వేలితో తాకకూడదు. దాని ముందు మాట్లాడకూడదు, ఊపిరి తడి తగులుతుంది. నేను లాగినప్పుడు చిన్న చప్పుడైనా రాలేదు. అంత పొడుగు ఇనుము అంత నిశ్శబ్దంగా బయటికొస్తే నాకు ఒళ్లు జలదరించింది.

మర్నాడు మహర్నవమి.

“ఇంట్లో ఆయుధం పెట్టుకుని పూజ చెయ్యకపోతే ఎలాగండీ? కార్‌కే చేస్తున్నాం కదా!” అంది మా ఆవిడ.

కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసిన ఘనుణ్ణి. ఇనుమును తడి ఏం చేస్తుందో క్లాసులో చెప్పినవాణ్ణి. అయినా కత్తి దూసి, తడి కుంకుమతో బొట్టు పెట్టి, శ్లోకం కూడా గట్టిగా చదివాను. పూజలో పెట్టింది దశమి దాకా కదపకూడదని అలాగే వదిలేశాను. వినాశకాలే విపరీతబుద్ధి!

దశమి పొద్దున తుడిస్తే కుంకుమ పోయింది, కింది ఎరుపు పోలేదు. నా ఉంగరపు వేలి ముద్ర, గీతలతో సహా, తుప్పై కూర్చుంది. దాచేద్దామా అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. కానీ ఆయన వచ్చీ రాగానే కత్తి దూశాడు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆ ముద్రనే చూశాడు. తిడితే బాగుండుననిపించింది.

“ఇక్కడే ఎందుకు పెట్టావు?” అన్నాడు చివరికి.

“ఏమోనండీ. చెయ్యి అక్కడికే పోయింది.”

“నేను తీసుకున్నప్పుడు సరిగ్గా ఇక్కడే ఒక వేలిముద్ర ఉండేది. అతనిది. నెత్తుటి తడికి తుప్పు పట్టింది. దాన్ని పోగొట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.”

ఎంతైనా సరే బాగు చేయిస్తానన్నాను.

“వద్దు. ఇలాగే పంపుతాను. ఈ ముద్ర ఎలా వచ్చిందని అతని కొడుకు అడిగితే మొత్తం చెప్పేస్తాను.”

ఆ పూట అన్నం కలపడానికి నా చెయ్యి రాలేదు. మా ఆవిణ్ణి స్పూన్ అడిగాను.